నాలుగు ఛాయల సింహం
ఒక చేతియంత్రపు ఆటలో కథ ఏమైంది?

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో పిల్లల ఆటవస్తువుకు చోటెందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నిజానికి మనం అనుసరణల గురించి చాలాకాలంగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. నవల సినిమా అయినప్పుడు ఏం పోయింది, నాటకం రేడియోకు వచ్చినప్పుడు ఏం మిగిలింది, వ్యాసుడి భారతం తిక్కన చేతిలో ఎలా తెలుగైంది - ఇవన్నీ మనకు అలవాటైన ప్రశ్నలే. ఆ ప్రశ్నలనే అక్షరంతో దాదాపు పనిలేని ఒక రూపం మీద వేసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక కథను కుదించుకుంటూ పోతే అది ఎక్కడిదాకా ఆ కథగానే నిలుస్తుంది, ఎక్కడ మరొకటిగా మారిపోతుంది అన్నది తేలాలంటే బాగా కుదించిన నమూనానే తీసుకోవాలి కదా.

నేను తీసుకున్నది 'ది లయన్ కింగ్'. వాల్ట్ డిస్నీ సంస్థ 1994 జూన్‌లో విడుదల చేసిన బొమ్మల చిత్రం అది. ఆ ఏడాది చివర్లోనే దాని ఆధారంగా వీడియో గేమ్ వచ్చింది. అమెరికాలోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్ తయారుచేసింది, వర్జిన్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. టీవీకి తగిలించి ఆడే పెద్ద యంత్రాల కోసం చేసిన ఆ ఆటనే, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అనే చిన్న యంత్రానికీ కుదించారు. మా బావమరిది అక్కడ ఎవరో ఇంటి ముందు పెట్టి అమ్మిన పాత సామాన్లలో ఆ యంత్రాన్నీ ఆ ఆట కార్ట్రిడ్జినీ కొని, నాకిచ్చి వెళ్ళాడు. ఈ వేసవి సెలవుల్లో పేపర్లు దిద్దగా మిగిలిన మధ్యాహ్నాలు చాలావరకు దానికే పోయాయి.

సినిమా కథ తెలియని వారికోసం రెండు మాటలు. ముఫాసా సింహాల రాజు. కొడుకు సింబా. రాజు తమ్ముడు స్కార్ సింహాసనం కోసం అన్నను చంపి, ఆ చావుకు నువ్వే కారణమని పసివాడిని నమ్మించి తరిమేస్తాడు. సింబా అడవిలో ఒక మీర్కాట్, ఒక అడవిపంది సాంగత్యంలో పురుగులు తిని పెరుగుతాడు. పెద్దవాడై తిరిగొచ్చి, నిజం తెలుసుకుని, పినతండ్రిని ఓడించి రాజవుతాడు. 'హామ్లెట్' ఛాయలు ఇందులో ఉన్నాయని తీసినవాళ్ళే చెప్పారు. జపాన్‌లో ఒసాము తెజుకా 1950లో మొదలుపెట్టిన సింహపు పిల్ల బొమ్మల కథతో దీనికి పోలికలున్నాయన్న వివాదం కూడా ఉంది. అది వేరే వ్యాసం అడిగే సంగతి. 2019లో ఇదే కథను కొత్త సాంకేతికంతో మళ్ళీ తీసినప్పుడు నాని, జగపతిబాబు, రవిశంకర్, బ్రహ్మానందం, అలీ గొంతులతో తెలుగులోకి కూడా వచ్చింది కనుక, మన పిల్లల్లో చాలామందికి సింబా తెలుగు మాట్లాడే సింహమే.

ఇక యంత్రం సంగతి. గేమ్‌బాయ్‌ని జపాన్‌కు చెందిన నింటెండో 1989లో విడుదల చేసింది. దాని వెనక ఉన్న మనిషి గున్‌పెయ్ యొకోయ్. 1965లో అతను ఆ సంస్థలో చేరినప్పుడు చేసిన పని పేకముక్కలు తయారుచేసే యంత్రాల మరమ్మతు. అంటే కార్ఖానా నేల మీద నుంచి పైకి వచ్చినవాడు. అతనికొక సిద్ధాంతం ఉండేది: సరికొత్త సాంకేతికం వెంట పరుగెత్తకుండా, పాతబడి, చవకబడి, లోపాలన్నీ తెలిసిపోయిన సాంకేతికాన్ని ఎవరూ ఆలోచించని పక్కదారిలో వాడుకోవడం. అప్పటికే రంగుల తెర ఉన్న చేతియంత్రాలు సాధ్యమే. ఆటారీ సంస్థ 1989లోనే ఒకటి తెచ్చింది, మరుసటేడు సెగా గేమ్ గేర్ వచ్చింది. కానీ సెగా యంత్రం 6 పెన్సిల్ సెల్లులు మింగి కొద్ది గంటలకే చేతులెత్తేసేది. యొకోయ్ రంగు వదులుకున్నాడు. 4 సెల్లులతో గంటల తరబడి నడిచే యంత్రం చేశాడు. దాని తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. ఒక్కో చుక్కకు నాలుగే నాలుగు ఛాయలు - పాలిపోయిన ఆకుపచ్చ నుంచి చిక్కటి ఆకుపచ్చ దాకా. వెనక దీపం లేదు. కిటికీ వైపు తిప్పుకుంటే తప్ప కనిపించదు. వేగంగా కదిలే బొమ్మ తన వెనక మరకలాంటి నీడ వదులుతుంది. ఇంత బీదగా ఉన్న యంత్రం, దాని తర్వాతి రంగుల రూపంతో కలిపి, 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైంది. 1990లలో మన ఊళ్ళలో పిల్లలు 'వీడియో గేమ్' అని పిలిచిన, ఇటుకలు పేర్చే చవక ప్లాస్టిక్ బొమ్మలకు ఊరూ పేరూ లేకపోయినా, వంశం మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ సినిమాను ఈ తెర మీదికి దింపాలి. సూర్యోదయంతో మొదలయ్యే సినిమా అది. ఎరుపు, పసుపు, బంగారు రంగులే దాని ఆయువుపట్టు. నాలుగు ఆకుపచ్చ ఛాయల్లో సూర్యోదయానికీ సాయంత్రానికీ తేడా లేదు. పెద్ద యంత్రాల ఆటకు డిస్నీ సంస్థ చిత్రకారులే సింబా నడకనూ దూకుడునూ బొమ్మలు గీసి ఇచ్చారు. ఆ ఆట చూస్తే సినిమా ముక్కను చూసినట్టే ఉంటుంది. చిన్న తెర మీద ఆ వంపులు అరిగిపోయి, పిల్లసింహం తోకను బట్టి గుర్తుపట్టవలసిన జంతువైంది.

సంగీతం కూడా అంతే. ఎల్టన్ జాన్ బాణీలకు గేమ్‌బాయ్ ఇవ్వగలిగినవి నాలుగు నాదమార్గాలు. అందులో ఒకటి వట్టి గరగర శబ్దానికి. వాద్యబృందాలు, ఆఫ్రికా గాయక సమూహాలు కలిసి చేసిన పని ఒక చిన్న స్పీకరులో పాతకాలపు మొబైల్ ఫోను రింగులా మోగుతుంది. సినిమా సంగీతం అన్నాం కనుక ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ సినిమాలో మీర్కాట్, అడవిపంది ఒకచోట సరదాగా ఎత్తుకునే పాట మూలం దక్షిణాఫ్రికాలోని జూలూ గాయకుడు సాలమన్ లిండా 1939లో రికార్డు చేసిన 'ఎంబూబే'. దాని మీద హక్కులు అతను 10 షిల్లింగులకు వదులుకున్నాడు. ఆ పాట అమెరికా చేరి, పేరు మార్చుకుని, లోకమంతా తిరిగింది. లిండా 1962లో పేదవాడిగానే చనిపోయాడు. అతని కూతుళ్ళ తరఫున 2004లో డిస్నీ మీద దావా పడ్డాక, 2006లో హక్కుదారుతో రాజీ కుదిరి, వాళ్ళకు కొంత దక్కింది. 'జానపదం' అని పేరు పెట్టి కర్తను మాయం చేయడం మనకూ తెలిసిన విద్యే.

రంగూ నాదమూ పోవడాన్ని నేను పెద్ద నష్టంగా లెక్కపెట్టను. తోలుబొమ్మలాటను తలుచుకోండి. తోలుబొమ్మకు ముఖకవళికలు మారవు, కన్నీరు రాదు. అయినా సీత శోకం మనకు అందుతుంది. ఎందువల్ల? తెర వెనక ఒక గొంతు ఉంది. ఆ గొంతు పద్యం ఎత్తుకుంటుంది, విరుస్తుంది, అవసరమైతే కేతిగాణ్ణి తెచ్చి మనల్ని నవ్వించి మళ్ళీ ఏడిపిస్తుంది. బొమ్మ బీదతనాన్ని మాట పూరిస్తుంది. గేమ్‌బాయ్‌లో లోపించింది ఆ గొంతే. దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. ఆ వచ్చినదేమిటో తెలుసుకోవడమే విమర్శకుడి పని.

వచ్చింది క్రియ. వ్యాకరణంలో చెప్పే క్రియే. ఆటలో పాత్రకు స్వభావం ఉండదు, చేయగలిగిన పనులు ఉంటాయి. సింబా పరుగెత్తుతాడు, దూకుతాడు, దొర్లుతాడు, గర్జిస్తాడు. పెద్దయ్యాక పంజా విసురుతాడు. అంతే అతని నిఘంటువు. ఆ నాలుగైదు క్రియల్లో చెప్పగలిగినదే ఆటలో కథ, చెప్పలేనిది లేదు. 'నమ్మాడు' అనే క్రియ లేదు. 'సిగ్గుపడ్డాడు' లేదు. 'మరిచిపోవాలనుకున్నాడు' అసలే లేదు. సినిమా మొత్తం నిలబడింది పసివాడు ఒక అబద్ధాన్ని నమ్మడం మీద. ఆట ఆ పునాదిని ముట్టుకోనేలేదు.

పశువుల తొక్కిసలాట ఘట్టం చూడండి. వందల వైల్డ్‌బీస్టులు లోయలోకి విరుచుకుపడే ఆ రెండున్నర నిమిషాల దృశ్యం కోసం డిస్నీ కంప్యూటరు విభాగం రెండేళ్ళకు పైగా పనిచేసింది. గేమ్‌బాయ్ తన తెర మీద ఒక అడ్డగీతలో 10కి మించి కదిలే బొమ్మతునకలను చూపలేదు, మొత్తం తెర మీద 40కి మించి చూపలేదు. ఒక్కో తునక వెడల్పు 8 చుక్కలు. ఒక్క జంతువుకే కొన్ని తునకలు పడతాయి. అంటే మంద అనేది ఈ యంత్రం భాషలో లేని పదం. అయితే అంతకంటే ముఖ్యమైన తేడా పెద్ద యంత్రాల్లోని మూల ఆటలోనే ఉంది. సినిమాలో ఆ ఘట్టమంతా నిస్సహాయత. పసివాడు ఏమీ చేయలేడు. ఏమీ చేయలేకపోవడమే తర్వాత నేరభావంగా మారుతుంది. ఆటలో ఆ ఘట్టం నైపుణ్య పరీక్ష. పక్కకు తప్పుకో, దూకు, మళ్ళీ తప్పుకో. నెగ్గితే తర్వాతి ఘట్టానికి వెళతావు. కథ ప్రకారం అప్పటికి తండ్రి చనిపోయి ఉంటాడు. అంటే ఆట తన గెలుపుకు బహుమతిగా పితృవియోగాన్ని ఇస్తోంది! ఆడే పిల్లవాడు 'హమ్మయ్య' అనుకుంటాడు. అతని తప్పు కాదది. అతని చేత చేయించిన పనులకు తగిన భావం అదే.

పురుగుల సంగతీ ఇంతే. సినిమాలో రాకుమారుడు మొదటిసారి పురుగును నోట్లో పెట్టుకోవడం ఒక పతనం, ఒక విముక్తి కూడా; కులం చెడిన క్షణం అది. ఆటలో సింబా మొదటి ఘట్టం నుంచే పురుగులు తింటాడు, అవి తింటే పోయిన బలం తిరిగి వస్తుంది కనుక. ప్రవాసానికి ముందూ తరువాతా భోజనం ఒకటే అయినప్పుడు ప్రవాసానికి అర్థమేముంది?

ముగింపు ఇంకా స్పష్టం. సినిమాలో సింబా పినతండ్రిని చంపనంటాడు, పారిపొమ్మంటాడు. స్కార్ కళ్ళలో నిప్పులు చల్లి మీదపడితే, తిరగబడిన ఆ ఊపులో కొండ మీద నుంచి కింద పడతాడు. చంపేది హైనాలు, నేరం తమ మీదికి నెట్టిన నాయకుణ్ణి అవి వదలవు. మూల ఆటలో క్షమ లేదు, ద్రోహం లేదు, హైనాల తీర్పు లేదు. పంజాలతో ఎంత కొట్టినా చాలదు. స్కార్‌ను కొండ అంచుకు తెచ్చి ఎత్తి విసిరితేనే ఆట పూర్తవుతుంది. సినిమాలో చిట్టచివరి గత్యంతరంగా వచ్చిన పని, ఆటలో ఏకైక మార్గమైంది.

ఈ పరిశీలనలు మా సంఘంలో ఒక మిత్రుడికి వినిపిస్తే, ఆయన తేల్చేశారు: "ఇంత శ్రమెందుకు మాస్టారూ? మూలమే వారసత్వ రాజరికాన్ని పొగిడే కథ. మేం మిమ్మల్ని తింటాం, చచ్చాక మా మీద మొలిచే గడ్డి మీరు తింటారు అని సింహం జింకకు చెప్పే వేదాంతం. హైనాలు ఆకలితో వెలివాడలో ఉంటే వాటిని దుష్టులన్నారు. దాని నకలు కూడా అంతే." సినిమా గురించి ఆయన అన్నదాంట్లో నాకు పేచీ లేదు. పైగా ఆట ఇంకో మెట్టు దిగిందని నేనంటాను. సినిమాలో హైనాలు కనీసం తమ ఆకలి గురించి మాట్లాడతాయి. వాటి నాయకత్వం ఎందుకు మోసపోయిందో మనం ఊహించుకోగలం. ఆటలో వాటికి నోరు లేదు. అవి అలసిపోయి రొప్పే సమయం కనిపెట్టి మీద దూకడమే మన పని. ఆకలి అనే కారణం చెరిగిపోయి శత్రువు అనే ఫలితం మాత్రం మిగిలింది. శత్రువు ఎందుకు శత్రువయ్యాడో చెప్పకపోవడం ఏ పాలకవర్గ సంస్కృతికైనా అత్యవసరం.

కానీ వస్తువును చూసి తీర్పు రాసి ఫైలు మూసేసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆటకు రూపం ఉంది, ఆ రూపం కథ చెప్పినదాన్ని చెప్పడం లేదు. కథ ఏమంటుంది? రాజు కొడుకు రాజు, పుట్టుకే అర్హత, అది గుర్తు తెచ్చుకుంటే చాలు. ఆట ఏమంటుంది? ఈ రాకుమారుడు నీటిలో పడతాడు, ముళ్ళ మీద పడతాడు, ముళ్ళపందికి తగిలి చస్తాడు. ఒకసారి కాదు, నా చేతిలో వందసార్లు. పుట్టుక అతన్ని ఒక్క గుంట కూడా దాటించదు. దాటించేది బొటనవేలి అభ్యాసం. ఎక్కడ అడుగు వేయాలో, ఎంత ముందుగా దూకాలో మళ్ళీ మళ్ళీ చేసి నేర్చుకున్న చేయి దాటిస్తుంది. కథ జన్మను నమ్మమంటే, ఆట శ్రమను నమ్మమంటోంది. ఈ వైరుధ్యం ఎవరూ కావాలని పెట్టింది కాదు. కానీ ఉంది. బాల్జాక్ రాజభక్తుడై ఉండీ తన వర్గపు పతనాన్ని నిజాయితీగా చిత్రించాడని ఎంగెల్స్ గమనించిన సంగతి మన విద్యార్థులకు వల్లెవేయిస్తాం. ఆ చూపును చిన్న వస్తువుల మీద కూడా పెట్టడం మాత్రం నేర్పం.

నా వాదం ఇక్కడితో ఆగితే అందంగానే ఉండేది. ఆగదు. ఆ శ్రమ ఎందుకంత కష్టంగా ఉందో కూడా అడగాలి. ఈ ఆట ఆడినవాళ్ళందరూ గుర్తుపెట్టుకున్నది రెండో ఘట్టం. సినిమాలో పిల్లసింహం తానెప్పుడు రాజవుతానా అని పాడే ఉల్లాసమైన పాట అది. ఆటలో అదే నరకం. కోతులను చూసి సరైన వరసలో గర్జిస్తే అవి వైపు మారతాయి, అప్పుడు సింబాను సరైన చెట్టుకు విసురుతాయి; వరస తప్పితే మొదటికే వస్తావు. మొదటి ఘట్టం అంత తేలిక, రెండోది ఇంత కఠినమేమిటి? వెస్ట్‌వుడ్ స్థాపకుల్లో ఒకరైన లూయీ కాసిల్ తర్వాతి సంవత్సరాల్లో దీనికి కారణం చెప్పాడు. అమెరికాలో అప్పట్లో ఆటల కార్ట్రిడ్జీలు వీడియో షాపుల్లో అద్దెకు దొరికేవి. అద్దెకు తెచ్చినవాడు ఆ గడువులోనే ఆటలో చాలా దూరం వెళ్ళిపోతే ఇక కొనడు. కనుక తొందరగా ముందుకు పోనివ్వకుండా ఆటను కష్టం చేయమని డిస్నీ వైపు నుంచి అడిగారు.

రోజు అద్దెకు నవలలిచ్చే షాపులు చూసిన నాబోటివాళ్ళకు దీని దారుణం వెంటనే అర్థమవుతుంది. మూడో అధ్యాయం దాటనివ్వకుండా రచయిత చేత కావాలని అర్థంకాని వాక్యాలు రాయించి, ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా చదువుకోవాలంటే కొనుక్కో అన్నట్టుంది ఇది. మన వారపత్రికల సీరియళ్ళు ప్రతి వారం నాయికను బావి గట్టు మీద నిలబెట్టి ఆపేయడం కూడా ఈ జాతిదే గానీ, అక్కడ పాఠకుణ్ణి ఊరించేవారు, ఇక్కడ ఓడిస్తారు. కళలో కాఠిన్యం ఉండవచ్చు. విశ్వనాథ పాకాన్నో శ్రీశ్రీ సమాస ధాటినో అందుకోలేక వెనక్కు తగ్గిన విద్యార్థి మళ్ళీ వెళితే ఏదో దొరుకుతుంది. ఆ కష్టం వస్తువు నుంచి పుట్టింది. కోతుల వరసలో దొరికేదేమీ లేదు. అది అద్దె గడువు నుంచి పుట్టిన కష్టం. ఈ రెండింటినీ విడదీయడం మన విమర్శ చేయగలిగిన ఉపయోగకరమైన పనుల్లో ఒకటి. ఏ సిద్ధాంత గ్రంథం కంటే ఈ ఆట ద్వారానే నాకది చులాగ్గా బోధపడింది.

ఇంతకూ ఆట బాగుందా అని అడిగేవారుంటారు. సమీక్ష అన్నాక చెప్పాలి. బొమ్మ మసకబారే తెర మీద ఇంత సూక్ష్మమైన దూకుళ్ళు పెట్టడం పొరపాటు; పెద్ద యంత్రం కోసం రాసిన వాక్యాన్ని చిన్న కాగితం మీద ఇరికించినట్టుంది. గేమ్‌బాయ్ కోసమే పుట్టినట్టున్న ఇటుకల ఆట 'టెట్రిస్'లో ఆ ఇబ్బంది లేదు. సోవియట్ యూనియన్‌లో అలెక్సీ పజిత్‌నోవ్ చేసిన ఆ ఆటకు నాలుగు ఛాయలు కూడా ఎక్కువే. యొకోయ్ బీదతనాన్ని శిల్పంగా వాడుకున్నాడు. ఈ అనుసరణ చేసినవాళ్ళు బీదతనాన్ని భరించారు. అయినా ఒక మంచి క్షణం ఉంది. బలం పుంజుకోకముందే గర్జించమంటే పిల్లసింహం నోటి నుంచి గట్టి గర్జన రాదు. సినిమాలో సింబా గర్జించబోయి కూతపెట్టే హాస్యం ఇక్కడ మాట అవసరం లేకుండా, మన వేలి కిందే జరుగుతుంది. అనువాదం సరిగ్గా కుదిరిన చోటు అదొక్కటే.

2019 అక్టోబరులో ఈ పాత ఆటలనూ 'అలాదీన్' ఆటలనూ కలిపి, గేమ్‌బాయ్ రూపాలతో సహా, కొత్త యంత్రాల కోసం మళ్ళీ అమ్మకానికి పెట్టారు. వీడియో షాపుల అద్దె వ్యాపారం అప్పటికి అంతరించింది. అందుకని ఈ కూర్పులో ఒక సదుపాయం చేర్చారు: పడిపోతే, ఒక బటన్ నొక్కి, కాలాన్ని కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకోవచ్చు. అదీ కష్టమనిపిస్తే ఆట తానే ఆడుకుంటూ పోతుంది. మనం చూస్తూ కూర్చుని, నచ్చిన చోట చేయి కలపవచ్చు. మా బడిలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఫోనులో ఆ వీడియో చూపిస్తూ, "అంత పెద్ద మందలో దూకాల్సిన పని లేదు సార్, వెనక్కి తిప్పేస్తే చాలు" అన్నాడు. వెనక్కి తిప్పితే ముఫాసా బతుకుతాడా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆట అక్కడిదాకా తిప్పనివ్వదు సార్" అన్నాడు.